జాన్ న్యూటన్: నలభై ఏళ్ళకు కనిపించిన పాపం

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితచరిత్ర రాసి ఇమ్మని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, న్యూటన్ గురించి రాస్తానన్నాను. నువ్వు చదివేది భౌతికశాస్త్రం కాదు కదా, నీకెందుకోయ్ ఆ గొడవ అని నవ్వారు. యాపిల్ పండు న్యూటన్ కాదు మహానుభావులారా, ఈయన వేరు. ఈయన పేరు జాన్ న్యూటన్. ఆ న్యూటన్ 1727లో కన్నుమూసేనాటికి ఈ న్యూటన్‌కు రెండేళ్ళయినా నిండలేదు. అమేజింగ్ గ్రేస్ అనే ఇంగ్లీషు కీర్తన మీలో చాలామంది ఎక్కడో ఒకచోట వినే వుంటారు. ఆ కీర్తన రాసింది ఈయనే.

ఈయన కథ నాకెందుకు తగిలిందో తెలియాలంటే ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పుకోవాలి. హాస్టల్లో చేరిన మొదటి సంవత్సరంలోనే నాకు రెండు విద్యలు అబ్బాయి. ఒకటి సిగరెట్టు. రెండోది బూతు. ఎదుటివాడి అమ్మనో అక్కనో తలచుకోకుండా నా నోట ఒక్క వాక్యం పూర్తయ్యేది కాదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అన్నం తింటూ మా నాయనమ్మ ముందు ఒక మాట జారింది. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. కంచం ముందునుంచి లేచిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాస్టలుకు తిరిగి వచ్చాక సాయంత్రం పూట ప్రార్థన చేసుకునే నలుగురైదుగురు మిత్రులతో కలిశాను. మోకాళ్ళ మీద ఏడ్చాను. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, సిగరెట్టూ బూతూ లేకుండా గడిచిన రోజుకు ఒక గీత చొప్పున గీస్తూ వచ్చాను. మధ్యలో రెండుసార్లు తప్పాను, మళ్ళీ మొదటినుంచి గీశాను. నూరు గీతలు నిండిన రోజున, ఇక నాలో దిద్దుకోవలసింది ఏమీ లేదన్నంత ధీమా కలిగింది. ఆ నోటుపుస్తకం చివరి పేజీ సంగతి తరువాత చెబుతాను.

జాన్ న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లో జన్మించాడు. తండ్రి వర్తక నౌకల కెప్టెన్. ఇంటి పట్టున వుండేది తక్కువ. తల్లి ఎలిజబెత్ భక్తురాలు. ఒక్కగానొక్క కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని వాక్యాలూ కీర్తనలూ కంఠతా పట్టించేది. కొడుకు దైవసేవకుడు కావాలన్నది ఆ తల్లి కోరిక. కాని అతనికి ఏడేళ్ళు నిండకముందే క్షయవ్యాధితో ఆమె కన్నుమూసింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పదకొండో ఏట కుర్రవాణ్ణి తనతోపాటు ఓడ ఎక్కించాడు. కళాసీల మధ్య పెరిగిన పిల్లవాడు వాళ్ళ భాష నేర్చుకున్నాడు. నడుమ నడుమ భయం వేసి ఉపవాసాలుండేవాడు, గంటల తరబడి బైబిలు చదివేవాడు. కొన్నాళ్ళకు మళ్ళీ పాత దారి పట్టేవాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో యువకులను దారిలో పట్టుకుని యుద్ధనౌకల్లోకి బలవంతంగా ఎక్కించే పద్ధతి వుండేది. 1744లో న్యూటన్ అలాగే హార్విచ్ అనే యుద్ధనౌక పాలయ్యాడు. తండ్రి పలుకుబడితో చిన్న అధికారి హోదా దొరికింది. కాని ఓడ తూర్పు ఇండియా సముద్రాలకు వెళ్ళి ఏళ్ళ తరబడి తిరిగి రాదని తెలిసి బెంగపడ్డాడు. కారణం, అప్పటికే అతని మనసులో మేరీ అనే అమ్మాయి వుంది. ఓడ దిగి పారిపోయాడు, పట్టుబడ్డాడు. అందరి ఎదుటా చొక్కా విప్పించి కొరడాలతో కొట్టి, హోదా ఊడబెరికారు. ఆ అవమానానికి కెప్టెన్‌ను చంపి తానూ చావాలనుకున్నాడు. ఆ అమ్మాయి తనను నీచుడని తలుస్తుందన్న ఒక్క ఆలోచనే అతణ్ణి ఆపింది. దేవుడున్నాడన్న నమ్మకం అప్పటికే పోయింది. తనకు పోవడమే కాదు, తోటివాళ్ళ నమ్మకాన్నీ ఎగతాళి చేసి చెడగొట్టడం అతనికి సరదా అయింది.

1745లో అతణ్ణి ఆఫ్రికాకు పోయే ఒక బానిసల ఓడకు మార్చారు. సియెర్రా లియోన్ తీరం దగ్గరి దీవుల్లో బానిస వ్యాపారం చేసే ఒక తెల్లవాడి దగ్గర పనికి కుదిరాడు. అక్కడ జ్వరం వచ్చి మంచాన పడ్డాడు. యజమాని ఊళ్ళో లేనప్పుడు, యజమానితో కలిసి వుండే స్త్రీ అతనికి సరిగా కూడు పెట్టలేదు. తరువాత యజమానీ అతణ్ణి దొంగ అని అనుమానించి నానా హింసలూ పెట్టాడు. రాత్రిపూట పొలంలోకి పోయి పచ్చి దుంపలు పీక్కుని తిన్నాడు. మిత్రులారా, ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. అతడు ఆకలితో మాడుతున్న ఆ రోజుల్లో, కాళ్ళకు సంకెళ్ళున్న బానిసలు తమకు పెట్టే పిడికెడు కూటిలోంచి కొంత దాచి రహస్యంగా అతనికి తెచ్చి పెట్టారు. ఈ సంగతి తన జీవితకథలో ఆయనే రాసుకున్నాడు.

కొడుకును వెతికి తెమ్మని తండ్రి చేసిన ఏర్పాటు ఫలించి, గ్రేహౌండ్ అనే ఓడ అతణ్ణి ఎక్కించుకుంది. అప్పటికి అతడు వేరే యజమాని దగ్గర కాస్త సుఖంగానే వున్నాడు. మేరీ గుర్తుకు వచ్చి బయలుదేరాడు. ఈ ఓడలోనే అతని నోటి దూల పరాకాష్ఠకు చేరింది. వాడుకలో వున్న తిట్లు చాలక కొత్తవి కల్పించేవాడు. కెప్టెనే స్వయంగా నోటి దురుసు మనిషి, అతనికి కూడా చెవులు మూసుకోవాలనిపించేది. ఈ భాగం చదివినప్పుడు నాకు మా హాస్టల్ వరండా కళ్ళకు కట్టింది.

1748 మార్చి 10. నేటి లెక్క ప్రకారం మార్చి 21. ముందురోజు కాలక్షేపానికని థామస్ కెంపిస్ రాసిన భక్తిగ్రంథం తిరగవేసి, ఇందులో రాసినవన్నీ నిజమైతే నా గతేమిటి అని ఒక్క క్షణం అనుకుని, పుస్తకం మూసి పడుకున్నాడు. రాత్రి అట్లాంటిక్ మహాసముద్రంలో తుఫాను పట్టుకుంది. గదిలోకి నీళ్ళు వచ్చి మెలకువ అయింది. నిచ్చెన ఎక్కుతుండగా కత్తి తెమ్మని కెప్టెన్ అతణ్ణి వెనక్కి పంపాడు. అతని బదులు పైకి వెళ్ళిన మనిషిని ఆ క్షణంలోనే అల లాక్కుపోయింది. ఓడ ఒక పక్క బద్దలయింది. సరుకులో తేనెమైనమూ, నీటిమీద తేలే కలపా వుండబట్టి వెంటనే మునగలేదు. తెల్లవారుజామున మూడింటినుంచి దాదాపు మధ్యాహ్నం దాకా పంపు కొట్టాడు. ఒక గంట పడుకుని లేచి, అర్ధరాత్రి దాకా చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో ఎప్పుడో, ప్రభువు కరుణించకపోతే మనకు దిక్కు లేదన్న మాట అలవాటుగా కాక నిజంగానే అతని నోట వచ్చింది. తన నోట వచ్చిన ఆ మాటకు తానే ఉలిక్కిపడ్డాడు. ఎన్నో ఏళ్ళ తరువాత కరుణ కోరడం అదే మొదలు.

ఆ తరువాత దాదాపు నాలుగు వారాలు చిరుగుల తెరచాపలతో కొట్టుకుపోయారు. పన్నెండుమందికి రోజంతటికీ సగం ఉప్పుచేప. ఈ పాపాత్ముడి మూలంగానే ఇంత పని అయింది, వీణ్ణి యోనాలాగా సముద్రంలో పడేస్తే గండం గడుస్తుందని కెప్టెన్ సణిగేవాడు. ఏప్రిల్ 8న ఓడ ఐర్లండు తీరం చేరింది. ఆ నాలుగు వారాలూ న్యూటన్ కొత్త నిబంధన చదివాడు, ప్రార్థన చేశాడు. తిట్టే అలవాటు మాత్రం ఆ దెబ్బతో పూర్తిగా పోయింది. పుట్టుకతో వచ్చిందా అన్నట్లున్న అలవాటు, మళ్ళీ తల ఎత్తలేదు.

కథ ఇక్కడ ఆపితే ఏ ఆదివారపు ప్రసంగానికైనా పనికివస్తుంది. నేనూ మొదట ఇంతవరకే విన్నాను. కాని ఆయన జీవితం ఇక్కడ ఆగలేదు.

అదే ఏడాది మరో ఓడలో ఉపాధికారిగా ఆఫ్రికాకు వెళ్ళాడు. చుట్టూ ఎవరూ అడిగేవారు లేని చోట కొద్దివారాల్లోనే ప్రార్థన సన్నగిల్లింది, శరీర పాపాలు తిరిగి వచ్చాయి. తిట్లు తప్ప మిగిలినవన్నీ మునుపటిలాగే అయ్యాయి. మళ్ళీ జ్వరం వచ్చింది. తాను ఒకప్పుడు బానిసకన్నా హీనంగా బతికిన ఆ దీవుల్లోనే, లేవలేని స్థితిలో మంచం దిగి, పాకుతున్నట్లుగా ఏకాంత స్థలానికి వెళ్ళి తనను తాను దేవునికి అప్పగించుకున్నాడు. ఇకమీదట మంచివాడిగా వుంటానని ప్రమాణాలు చేసి చేసి విసిగినవాడు, ఈసారి ప్రమాణం చేయలేదు. నా వల్ల కాదు, నీవే చూసుకో అని చేతులెత్తాడు. అప్పటినుంచి ఆ పాపాలు తన మీద అధికారం చెయ్యలేదని ఆయన చెప్పుకున్నాడు. విశ్వాసమంటే ఏమిటో నాకు కొంచెమైనా అర్థమయింది ఈ ఘట్టంలోనే. నా నోటుపుస్తకంలోని గీతలన్నీ నా పరాక్రమం అనుకున్నాను కదా!

1750 ఫిబ్రవరిలో మేరీని పెళ్ళాడాడు. ఆ ఏడే కెప్టెన్ అయ్యాడు. ఏ ఓడకు? బానిసల ఓడకు. 1750నుంచి 1754లోగా మూడుసార్లు ఆఫ్రికాకు వెళ్ళి మనుషులను ఎక్కించుకుని అట్లాంటిక్ దాటించి అమ్మాడు. అప్పటి న్యూటన్ తాగుబోతు కాడు, వ్యభిచారి కాడు, నోటివెంట తప్పుడు మాట రాదు. ఆదివారం రెండుసార్లు ఓడ పైభాగంలో కళాసీలను కూర్చోబెట్టి ఆరాధన జరిపేవాడు. తీరిక వేళల్లో లాటిన్ నేర్చుకునేవాడు. భార్యకు ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. ఆరాధన జరిగే ఆ చెక్కల కిందనే, మగవాళ్ళను ఇద్దరిద్దరిని జతచేసి గొలుసులు వేసి, పక్కకు ఒత్తిగిలే చోటు లేకుండా పడుకోబెట్టేవారు. తిరుగుబాటు చేయబోతున్నారన్న అనుమానం మీద 1752లో కొందరు కుర్రవాళ్ళ బొటనవేళ్ళకు ఇనుప మరలు బిగించి నిజం చెప్పించినట్లు తన ఓడ దినచర్యలో తానే రాశాడు. ఒకప్పుడు తన ఆకలి చూసి కూడు పెట్టినవాళ్ళ జాతివాళ్ళే వీళ్ళు!

ఎందుకిలా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఆయన కపటి అయితే సులువుగా తోసిపుచ్చవచ్చు. కాని కపటి కాడు. తిట్టడం పాపమని లోకమంతా ఒప్పుకుంటుంది, కనుక అది పాపంగా కనిపించింది. బానిస వ్యాపారం పాపమని ఆయనకు చెప్పినవారు లేరు. అది మర్యాదస్తుల వృత్తి. దానికి పెట్టుబడి పెట్టే వర్తకులు ఆదివారం దేవాలయంలో ముందు వరుసలో కూర్చునేవారు. అది దేవుడు తనకిచ్చిన ఉద్యోగమనే ఆయన అనుకున్నాడు. అయితే ఒకటి వుంది. అది తప్పని బుద్ధికి తట్టకపోయినా, ఎప్పుడూ సంకెళ్ళూ గొళ్ళేలతో పని కావడం మనసుకు ఎబ్బెట్టుగా వుండేది. జైలు కాపలావాడిలాగా వున్నాననుకునేవాడు. ఇంతకంటే దయగల పని ఏదైనా చూపించమని తరచూ ప్రార్థించేవాడు. అంటే మనస్సాక్షి కంటే ప్రార్థన ముందు నడిచింది.

1754 నవంబరులో, నాలుగో ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఇంట్లో భార్యతో టీ తాగుతూ మూర్ఛపడిపోయాడు. వైద్యులు సముద్రం వద్దన్నారు. అలా ఆ పని వదిలాడు. పశ్చాత్తాపంతో వదిలాడని మనవాళ్ళు ప్రసంగాల్లో చెబుతుంటారు గాని అది నిజం కాదు. జబ్బు చేసి వదిలాడు.

లివర్‌పూల్ రేవులో సుంకాల శాఖ ఉద్యోగం చేస్తూ గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. కొన్నేళ్ళు తిరస్కారాలు ఎదురయ్యాక 1764లో గురుపట్టం దొరికి, ఓల్నీ అనే చిన్న ఊరికి వెళ్ళాడు. లేసులు అల్లుకుని బతికే పేదల ఊరు అది. వారి కోసం ప్రార్థన కూడికలు పెట్టాడు. వారు పాడుకోవడానికి, మనోవ్యాధితో బాధపడే కవి విలియం కూపర్‌తో కలిసి కీర్తనలు రాశాడు. 1773 నూతన సంవత్సరపు ఆరాధన కోసం రాసిందే అమేజింగ్ గ్రేస్. 1779లో ఓల్నీ కీర్తనల పుస్తకంలో అచ్చయింది. మనం ఇప్పుడు వినే రాగం 1835లో అమెరికాలో దానికి జతకూడింది. ఆ రాగం ఆయన చెవిన పడనే లేదు. 1780లో లండన్‌లో సెయింట్ మేరీ వుల్నాత్ దేవాలయానికి గురువుగా వచ్చాడు.

1785 డిసెంబరులో ఒక యువకుడు ఎవరైనా చూస్తారేమోనని ఆ వీధి చుట్టూ తిరిగి తిరిగి చివరకు ఆయన తలుపు తట్టాడు. పేరు విలియం విల్బర్‌ఫోర్స్, పార్లమెంటు సభ్యుడు. భక్తిమార్గంలో పడ్డాను, రాజకీయాలు వదిలెయ్యనా అని అడగడానికి వచ్చాడు. వదలవద్దని, దేవుడు నిలబెట్టిన చోటే నిలిచి సేవ చేయమని న్యూటన్ సలహా ఇచ్చాడు. 1787లో బానిస వ్యాపారాన్ని రద్దు చేయాలని లండన్‌లో ఒక సంఘం ఏర్పడింది. విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో ఆ పని నెత్తికెత్తుకున్నాడు.

ఇప్పుడు న్యూటన్ ఏం చేయాలి? అందరూ గౌరవించే గురువు, వయస్సు అరవై రెండు. మౌనంగా వుండి యువకులను ఆశీర్వదించి వూరుకోవచ్చు. అడిగేవాడు లేడు. ఆయన అలా చేయలేదు. 1788లో ఆఫ్రికా బానిస వ్యాపారం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. తాను ఆ పని స్వయంగా చేశానని, ఇప్పుడు తలచుకుంటే గుండె వణుకుతోందని, ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని ప్రజలందరి ఎదుటా ఒప్పుకున్నాడు. ఓడ అడుగున ఏం జరుగుతుందో దాచకుండా రాశాడు. ఆ పుస్తకం పార్లమెంటు సభ్యులకు పంపారు. ప్రీవీ కౌన్సిల్ ముందు, 1790లో కామన్స్ సభ కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఎవరో చెప్పగా విన్న సాక్ష్యం కాదు, తాను చేసిన పాపాన్నే సాక్ష్యంగా పెట్టాడు. తుఫాను రాత్రినుంచి లెక్కవేస్తే ఆ పాపం పాపంగా కనిపించడానికి నలభై ఏళ్ళు పట్టింది. విధేయత అంటే ఇదే అని నాకనిపిస్తుంది. ఆలస్యంగా తెలిసినా, తెలిసిన రోజున దాచుకోకపోవడం.

1790లో మేరీ మరణించింది. ఆయనకు చూపు మందగించింది, జ్ఞాపకం తప్పింది, అయినా వేదిక దిగలేదు. 1807 మార్చి 25న బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిస వ్యాపారాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. అది చూసి, అదే ఏడాది డిసెంబరు 21న, 82వ ఏట జాన్ న్యూటన్ కన్నుమూశాడు. బానిసత్వమే రద్దు కావడానికి 1833 చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

ఇక నా నోటుపుస్తకం చివరి పేజీ. నూరు గీతలు నిండిన తరువాత వేసవి సెలవుల్లో మా అన్నయ్య పెళ్ళి మాటలకు పెద్దలంతా మా ఇంట్లో కూర్చున్నారు. ముందుగా ప్రార్థన జరిగింది. ఆమెన్ అని కళ్ళు తెరిచాక కట్నం మాటలు మొదలయ్యాయి. దస్తూరి బాగుంటుందని జాబితా నన్ను రాయమన్నారు. చేతికి అందింది ఆ నోటుపుస్తకమే. చివరి పేజీలో రాశాను: రొక్కం ఇంత, బంగారం ఇన్ని కాసులు, ఆడపడుచు లాంఛనం ఇంత, మోటారు సైకిలు ఒకటి. అంకె పెరిగినప్పుడల్లా అమ్మాయి తండ్రి తువ్వాలుతో మొహం తుడుచుకోవడం చూశాను. చూసి, అంకె కొట్టివేసి పైన కొత్త అంకె వేశాను. సిగరెట్టు తాగనందుకు ఆ రాత్రి కూడా ఒక గీత గీసుకుని నిద్రపోయాను. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961నుంచి నేరమని నాకు తెలుసు. పాపమని మాత్రం తోచలేదు. తోచకపోవడానికి కారణం న్యూటన్‌కున్నదే. మా వాళ్ళలో దాన్ని పాపమన్నవారు లేరు, ముందు ప్రార్థన కూడా చేశారు.

న్యూటన్ జీవితం చదివింది ఆ తరువాత. చదివిన వారానికే ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నయ్యకు కోపం వచ్చింది. నీకు బైకు లేదనా ఏడుపు అన్నాడు. మూడో రోజున నాయనమ్మ కల్పించుకుంది. మోటారు సైకిలు, లాంఛనం కొట్టివేశారు. రొక్కం అప్పటికే పుచ్చుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. పెళ్ళి జరిగింది. వదిన మంచిది. ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చినప్పుడల్లా ఆ చివరి పేజీ గుర్తుకొస్తుంది. ఇప్పటికీ ఆవిడతో చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

సోదర విద్యార్థినీ విద్యార్థులారా, దురలవాట్లు మానమని మీకు ఉపదేశించే అర్హత నాకు లేదు. నా మిత్రుల్లో ఏ మతంవారికైనా వర్తించే మాట ఒక్కటి చెబుతాను. లోకం చీదరించుకునే పాపం ఎప్పుడో ఒకరోజున మనకే సిగ్గనిపించి పోతుంది. లోకం మెచ్చుకుని డబ్బిచ్చే పాపం గీతలు గీసుకుంటే పోదు, ముందు అది కంటికి కనబడాలి. అందుకే ఇప్పుడు నా ప్రార్థన మారింది. ఈ అలవాటు మాన్పించు అని అడగడంతో ఆపకుండా, నాకు కనిపించనిది చూపించు అని కూడా అడుగుతున్నాను. నలభై ఏళ్ళు పట్టకుండా చూపించమని అడుగుతున్నాను.

నా పెళ్ళి మాటలు వచ్చే రోజు ఎంతో దూరం లేదు. నేను కట్నం తీసుకోను. మనసులో అనుకుంటే రేపు మారిపోవచ్చు, హాస్టల్ మిత్రులకు చెబితే మరిచిపోవచ్చు. అచ్చులో పడితే వెనక్కి తీసుకోలేను. సంపాదక మిత్రులు అడగ్గానే ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నది అందుకే.